నా కట్టలోంచి రాని ముక్క

ముక్క: పాచి తొట్టి. రెండోది: వడపోత.

నా కూతురు మేదిని ఇవాళ పనిముక్కల కట్టని, పేక కోసినట్టు, బాగా కిందనుంచి కోసింది. మంచి ముక్కలన్నీ అడుగున దాక్కుంటాయని దాని నమ్మకం. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళే కట్ట కొయ్యాలన్నది మా ఊరి ఆచారం. గుమ్మం పలక మీద దాని వేలు గీసిన చోట కట్ట రెండుగా విడిపోయి, కింది సగం పైకొచ్చింది. నేను పై ముక్క తిప్పాను. పాచి తొట్టి. అంటే మధ్యాహ్నం గంట కొట్టేదాకా ముక్కు మూసుకుని, తొట్ల గోడలకి పట్టిన పాచి గీకి వంటశాలకి పంపాలి. ఊరంతా తినేది ఆ పాచే కాబట్టి దాన్ని తిట్టకూడదంటారు. నేను తిడతాను.

మళ్ళీ పలక తట్టి రెండో ముక్క అడిగాను. వడపోత వచ్చింది. గాలి జల్లెడలు విప్పి, దులిపి, మంచునీళ్ళలో కడిగి బిగించే పని. చేతులు పగిలిపోతాయి.

పక్కింటి పోలమ్మ తన గుమ్మంలోంచి చూస్తూ ఉంది.

"ఒక్క ముక్కకే మా నడుములు ఇరిగిపోతన్నాయి. నీకేటి వదినా, పిచ్చా? రోజుకి రెండేసి తీస్తావు?"

"పిచ్చి కాదే, లెక్క," అన్నాను. "కట్ట మనదే కదా. పండగనాడు పైకి చదివి మన చేత్తో వేసిన ముక్కలే అందులో ఉన్నాయి. తీసిన ముక్క మళ్ళీ లోపలికి పోదు. తీసినకొద్దీ కట్ట పలచబడతాది. కోరిక ముక్క ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. రోజుకొకటైతే వచ్చే పండగకి కూడా కట్ట అవదు, రెండు తీస్తే బేగా దాని దగ్గరికి పోతాం."

"ఆ రెండు పనులూ మనమే సెయ్యాలి కదేటి?"

"సేస్తన్నాను కదా!"

పోలమ్మ నవ్వి లోపలికెళ్ళిపోయింది. దాని కూతురు అమ్ములు కూడా మా మేదిని ఈడుదే. దానికోసం పోలమ్మా నాలాగే, పిల్లల ఎముకలు గట్టిపరిచే బరువు గదినే కోరుకుంది. కానీ పోలమ్మ నిదానం మనిషి, వచ్చినప్పుడే వస్తుందిలే అనుకుంటుంది. నాకు నిదానం ఎప్పుడూ లేదు.

ముక్క: పసిపిల్లల గది. రెండోది: గాలిగొట్టం.

మొదటి ముక్క చూసి సంబరపడ్డాను. ఉయ్యాలలు ఊపుతూ కూర్చోవచ్చు. రెండోది తిప్పగానే ఆ సంబరం కాస్తా ఆవిరైపోయింది.

గాలిగొట్టం అంటే ఊరి గోడల వెనకున్న పెద్ద గొట్టంలోకి బోర్లా దూరి, ఈ చివరనుంచి ఆ చివరదాకా పేరుకున్న మంచు గీకుతూ పాకడం. మధ్యలో తల తిప్పే చోటుండదు. ఏడుపొస్తే కన్నీళ్ళు కూడా గడ్డకడతాయి. అందుకే అది ఇంటికి ఒక్కటే అని ఊళ్ళో కట్టుబాటు. కట్టకి ఒకటి వెయ్యాలి, ఎవరూ తప్పించుకోకూడదు, రెండు మాత్రం ఎవరికీ వద్దు. బయటికొచ్చాక గోడకి ఆనుకుని చాలాసేపు దగ్గాను. అయినా లోపల హాయిగానే ఉంది. పీడ విరగడైంది. ఈ కట్టలో ఇక గాలిగొట్టం లేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మా అన్నయ్య దాలినాయుడు ఊరి పలకలన్నీ చూసుకుంటాడు. ఎవరి గుమ్మం పలక మొరాయించినా అతన్నే పిలవాలి. మా ఆయన దూరపు మంచుబావి దగ్గర పనికెళ్ళి ఇంకా రాలేదు కాబట్టి మాకు మంచీ చెడ్డా చూసేది అన్నయ్యే. నా చేతులు చూసి అతని మొహం వాడిపోయింది. జేబులోంచి మందు డబ్బా తీసి, తనే నా వేళ్ళకి రాశాడు.

"ఇంత కష్టపడాలేటి నూకాలు? ఒక్కటే తియ్యి. వచ్చేటప్పుడు వస్తాది."

"మేదిని పాలపన్ను ఊడితే ఇంక బరువు గది పనిచెయ్యదని డాక్టరమ్మ సెప్పింది. నువ్వూ ఇన్నావు కదా," అన్నాను.

 అన్నయ్య మందుని మెల్లగా, ప్రతి పగులు లోపలికీ పట్టేలా రాశాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. లోకంలో ఇలాంటి అన్న ఎవరికుంటాడు అనుకున్నాను.

ముక్క: వంటశాల. రెండోది: వడపోత.

మేదిని ఈమధ్య అడిగిన ప్రశ్నే అడుగుతోంది. "అమ్మా, బరువు గదిలో బరువెలాగుంటాది?"

మేమున్న ఈ చందమామ మీద దేనికీ సరైన బరువు లేదు. చేతిలోంచి గిన్నె జారితే అది తీరిగ్గా ఆలోచించుకుని కింద పడుతుంది. పెద్దవాళ్ళం వేరేచోట పెరిగి వచ్చినవాళ్ళం, మా ఎముకలు ముందే ముదిరాయి. ఇక్కడ పుట్టిన పిల్లల కాళ్ళు మాత్రం తోటకూర కాడల్లా తయారవుతున్నాయి. మేదిని ఆడుకుంటూ గుమ్మానికి తగులుకుంటే చాలు, కాలు విరుగుతుంది. ఇప్పటికే రెండుసార్లు కట్టు కట్టారు. దీనికి మందు ఒక్కటే, ఊరి చివరనున్న బరువు గది. అది గిరగిరా తిరుగుతుంది, లోపలున్న మనిషికి బరువొస్తుంది. ఒక విడత అందులో పెరిగితే ఎముక గట్టిపడుతుంది. కానీ పాలపళ్ళు ఊడడం మొదలయ్యేలోపు వెళ్ళాలి. ఆ తర్వాత ఎముక తన దారి తను చూసుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. గది ఒక్కటే. ఒక విడతకి ఒక్క బిడ్డ. ఎవరి కోరిక ముక్క వస్తే వాళ్ళ బిడ్డ.

"ఎలాగుంటాదంటే, నేను నిన్ను ఎత్తుకోలేను," అని చెప్పాను.

"అంత బరువా!" అని మురిసిపోయింది మేదిని. రోజంతా ఆ మాటే చెప్పుకుంటూ తిరిగింది. మా అమ్మ నన్ను ఎత్తుకోలేదు, మా అమ్మ నన్ను ఎత్తుకోలేదు అని.

ముక్క: పాచి తొట్టి. రెండోది: సెలవు.

సెలవు ముక్క వస్తే పడుకోవాలి. నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. ఏవేం వేశానో, ఏవేం తీశానో నాకు కంఠతా వచ్చు. చిన్నప్పటినుంచీ అంతే, పేకలో పడేసిన ముక్కలన్నీ గుర్తుండేవి. నాతో పదమూడు ముక్కల ఆటకి కూర్చోమంటే అన్నయ్య పారిపోయేవాడు.

ఇక నాలుగే మిగిలాయి. రెండు వడపోతలు, ఒక వంటశాల, ఒక కోరిక. రేపో, ఎల్లుండో. దేవుడే అడ్డం పడ్డా ఎల్లుండి దాటదు.

మేదినికి ఇవాళే చెప్పాలని ఉంది కానీ చెప్పడానికి భయంగా కూడా ఉంది. అన్నం దగ్గర మేదిని ఉన్నట్టుండి నమలడం ఆపి నోట్లో వేలు పెట్టుకుంది. కింది పన్ను. నేను వేలితో తాకి చూశాను. కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తుకెళ్ళాను. ఊడలేదు కదా, ఇంకా కొన్నాళ్ళు ఉంది, ఆలస్యం మాత్రం చెయ్యకు అంది. ఆలస్యం నేను చేస్తున్నానా తల్లీ!

ఫరవాలేదు. నాలుగే ముక్కలు.

ముక్క: వంటశాల. రెండోది: గాలిగొట్టం.

తిప్పిన ముక్క వంక అలాగే చూస్తూ ఉండిపోయాను. పలక చెడిపోయిందనుకున్నాను. తుడిచి చూశాను. గాలిగొట్టమే.

పని పనే కాబట్టి వెళ్ళి పాకాను. ఆ గొట్టంలో పాకినంత సేపూ నా బుర్రలో ఒకటే మాట. ఇది నా కట్టలో లేదు, ఇది నా కట్టలో లేదు. బయటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా అన్నయ్య పనిచేసే పలకల కొట్టుకి వెళ్ళాను.

"రెండు వేసుంటావే," అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా. "పండగనాడు జనం గోలలో పొరపాటున రెండు పడుంటాయి."

"నేనా? గాలిగొట్టం రెండా? నాకు ఏమైనా చేటుకాలం వచ్చిందేటి?"

"ఒళ్ళు హూనమయ్యి ఉన్నావు. మనిషన్నాక మరుపు రాదేటి? ఎల్లి పడుకో."

ఇంటికొస్తూ నిజంగానే నా మీద నాకే అనుమానమొచ్చింది. అలసిపోయిన మాట నిజం. ఈమధ్య పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతున్నాను. దారిలో పోలమ్మని ఆపి, "పండగనాడు నా ముక్కలు చదివినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా, గాలిగొట్టం ఎన్నిసార్లు చదివాను?" అని అడిగాను.

"ఒక్కసారే. నువ్వు సదివినప్పుడు మీ గుంట మేదిని గాలిగొట్టాన్ని ఎక్కిరించింది కదా, అందరం నవ్వినాం. రెండోసారి సదివుంటే రెండోసారి కూడా ఎక్కిరించును." పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏటైంది వదినా?"

"ఏం లేదు," అన్నాను. అన్నయ్య అబద్ధం ఎందుకాడతాడు అని మనసు సర్దుకున్నాను. పలకలో ఏదో దోషం అయుంటుంది. మిగిలినవి మూడే కదా.

ముక్క: వడపోత. రెండోది: వడపోత. మూడోది: పాచి తొట్టి.

ఇవాళ పొద్దున్న మేదినికి తలంటు పోసి, దాచిన ఎర్ర గౌను వేశాను. రెండు వడపోతలు పోతే మిగిలేది కోరికే. అందుకని ముందే చెప్పేశాను దానికి. "ఇవాళ మన ముక్క వస్తాది." నేను ఒకేరోజు మూడు ముక్కలు తీస్తానని విని, అలా తీసినవాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి జనం కూడా గుమిగూడారు. పోలమ్మ అమ్ములుని ఎత్తుకుని ముందే నిలబడింది.

మేదిని నాలుక బయటపెట్టి, శ్రద్ధగా, కట్టని సరిగ్గా మధ్యకి కోసింది. మొదటి ముక్క వడపోత. అంతా నేననుకున్నట్టే. రెండోది వడపోత. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. మూడోది నేను తిప్పలేదు. మేదిని చెయ్యి పట్టుకుని దానిచేతే తిప్పించాను.

పాచి తొట్టి.

పలక అడుగున ఎప్పటిలాగే కట్ట బొమ్మ కనిపిస్తూనే ఉంది, ఇంకా బోలెడు ముక్కలున్నట్టు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మేదిని మాత్రం నా వంక చూసి, "నేను సరిగా కొయ్యలేదేటమ్మా?" అంది.   ఎర్ర గౌనులోనే దాన్ని పోలమ్మకి అప్పగించి, కొట్టుకి వెళ్ళి తలుపు గడియ వేసి అన్నయ్య ఎదురుగా నిలబడ్డాను.

"నా కట్ట చూపించు."

"కట్ట చూపించకూడదు కదా. చూపిస్తే ఇంక..."

"అందులో ముక్కలు అయిపోయాయి అన్నయ్యా. ఒక్కటీ లేదు. ఖాళీ కట్టే కదా, చూపించు."

అన్నయ్య చేతిలోని మర మేకుని గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఉండిపోయాడు. చివరికి, "కట్ట లేదే నూకాలు," అన్నాడు.

"నాదా?"

"ఎవరిదీ లేదు. గోడ పగిలిన ఏడు గుర్తుందా? ఆ ఏడు ఒక పొద్దు ఊరందరికీ సెలవులే వచ్చినాయి. జల్లెడలు సూసే ముక్క ఒక్క ఇంటికీ రాలేదు. గాలి అందక ఇద్దరు పోయారు. అప్పుడు పెద్దలు నన్ను పిలిచి పలకలు మార్చమని సెప్పినారు. ఆనాటినుంచీ పలక కట్టలోంచి ముక్క తియ్యదు. పుట్టిస్తాది. ఏ పొద్దుకి ఊరికి ఏ పని కావాలో సూసి, అప్పటికప్పుడు పుట్టిస్తాది."

"మరి మనం పండగనాడు వేసేవి?"

"అవి ఎక్కడికీ ఎళ్ళవు. ఎవరికీ అనుమానం రాకుండా, కుదిరినన్నాళ్ళు ఆ పేర్లే సూపిస్తాది, అంతే."

 పండగ రోజు ఊరంతా నిలబడి, పిల్లల్ని భుజాలకెత్తుకుని, గొంతులు చించుకుని చదివే ముక్కలు. ఎక్కడికీ వెళ్ళవట.

"కోరిక?" అన్నాను.

"పుట్టొచ్చు. చాలా తక్కువ. ఆ గది తిప్పితే తొట్లకి కరెంటు చాలదు, అందుకని ఎప్పుడో గాని పుట్టకుండా పెట్టినాం. ప్రతి ముక్కకీ అంతే అవకాశం. నిన్న రాలేదని ఇవాళ దగ్గరవదు."

"అంటే నేను ఎన్ని తీసినా..."

"పలచబడడానికి కట్టంటూ ఉండాలి కదే."

"మేదిని రోజూ కోస్తుంది. వేలు పెట్టగానే రెండుగా విడతాది."

"అది బొమ్మ," అన్నాడు. "తీసేస్తే జనానికి తెలిసిపోతాదని ఉంచేశాను."

చేతికందినది అతని మీదకి విసిరాను. ఈ చందమామ మీద అదీ ఒక శాపం, విసిరినది కూడా తాపీగా తేలుకుంటూ కింద పడుతుంది. అన్నయ్య పక్కకి తప్పుకోలేదు.

"నేను రెండేసి తీస్తుంటే చూశావు కదరా! నా చేతులు చూశావు, మందు రాశావు. ఒక్క మాట చెప్పడానికి నీకు నోరెందుకు రాలేదు?"

"నీ రెండో ముక్కతోటే తూర్పు జల్లెడలు నడుస్తున్నాయి," అన్నాడు అన్నయ్య. "మనుషులు చాలట్లేదు. పెద్దలు కూడా అన్నారు, ఆమెని అలాగే తియ్యనీ అని."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో మాటగా వినడమే తప్ప ఇవాళే తెలిసింది. పరాయివాడు కోస్తే అరిచి గోల చేస్తాం. ఒకే కంచంలో తిని పెరిగిన వాడు, మందు రాస్తూ కోశాడు. అన్నయ్య అన్న మాట ఇక నా నోట ఎలా వస్తుందో నాకే తెలియదు.

తలుపు గడియ తీస్తుంటే వెనకనుంచి అన్నాడు. "రేపు వద్దు, ఎల్లుండి. ఎల్లుండి పొద్దున్న నీకు కోరిక పుట్టిస్తాను. ఒక్కసారే సెయ్యగలను. ఆ తరవాత వచ్చే పండగ దాటేదాకా గది ఇంకెవరికీ ఉండదు. నువ్వు నోరు విప్పితే రేపట్నించి ఎవరూ జల్లెడలు ముట్టరు. గాలి ఆగితే బరువు గదీ ఉండదు, మనమూ ఉండం. ఆలోచించుకో."

ముక్క: తియ్యలేదు.

మేదిని పొద్దున్నే వేలు చాచుకుని పలక దగ్గర నిలబడింది. "ఇవాళ ఎక్కడ కొయ్యనమ్మా?" ఇవాళ వద్దన్నాను. ముక్క తియ్యనివాళ్ళకి ఆ పూట అన్నం లేదు. అయినా మధ్యాహ్నం వంటశాలకి వెళ్ళాను. అందరూ ఉండే వేళ అదే.

చెప్పేద్దామనే వెళ్ళాను. బల్ల ఎక్కి నిలబడి, మీ కట్టలు లేవురా, మన చెవుల్లో పువ్వులు పెట్టారురా అని అరుద్దామని మాటలు కూడా కూర్చుకున్నాను. పెద్దలు ఒక మూల తింటున్నారు. నన్ను చూసి తలవంచుకున్నారు, అంటే అన్నయ్య చెప్పేసే ఉంటాడు. నేను బల్ల మీద చెయ్యి వేశాను.

పోలమ్మ పరుగున వచ్చి, తన గిన్నెలోది సగం మేదినికి పెట్టింది. "నువ్వు తినకపోతే పోనీ, గుంట ఏం సేసింది వదినా?" మేదిని రెండు ముద్దలు తిని, మూడో ముద్ద దగ్గర ఆగి, నాలుకతో పన్నుని ముందుకీ వెనక్కీ ఊపింది. నిన్నటికన్నా ఎక్కువ ఊగుతోంది.

నేను బల్ల మీంచి చెయ్యి తీసేశాను. నన్ను నేను చాలా తిట్టుకున్నాను. కానీ తీసేశాను.

ముక్క: కోరిక.

మేదిని కళ్ళు మూసుకుని కోసింది. నేను తిప్పాను. పలకంతా పసుపు రంగు వెలుగు నిండింది. ఊళ్ళో చాలామంది ఆ వెలుగు ఎప్పుడూ చూడలేదు. గుమ్మాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు.

"నేను కోశాను! నేనే కోశాను!" అని మేదిని గాల్లోకి ఎగిరింది. ఎవరో దాన్ని పట్టుకుని కిందకి దింపారు. పెద్దలు కూడా వచ్చి దాని తల మీద చెయ్యి వేసి వెళ్ళారు. అన్నయ్య దూరంగా నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. నేనూ పిలవలేదు.

బరువు గదికి వెళ్ళే ముందు పోలమ్మ వచ్చింది. మేదిని బుగ్గలు పుణికి, నన్ను గట్టిగా కావలించుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి. అసూయ వెతికాను, లేదు.

"నువ్వు సెప్పిందే నిజం వదినా. తీసినకొద్దీ దగ్గరవుతాది. నాను బద్ధకించి కూసున్నాను. ఇదిగో, మా అమ్ములికి కూడా కింది పన్ను కదలతన్నట్టుంది, సూడు." అమ్ములు నోరు తెరిచి చూపించింది. "మేదినీ, నీది మంచి సెయ్యమ్మా. మా కట్ట కూడా ఒక్కసారి కొయ్యవా?"

మేదిని నా వంక చూసింది. తర్వాత గర్వంగా వాళ్ళ గుమ్మం దగ్గరికెళ్ళి, వాళ్ళ పలక మీద వేలితో గీసింది. పోలమ్మ ముక్క తిప్పింది. వడపోత. ఆగకుండా మళ్ళీ పలక తట్టింది. పాచి తొట్టి.

"పరవాలేదు," అంది చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ. "కట్ట పలచబడతంది కదా?"

"అవును," అన్నాను.

మేదినిని గదిలో దింపి వచ్చాను. గది తిరగడం మొదలయ్యాక అది కేకేస్తూ నవ్వడం గోడలోంచి వినిపించింది. ఇంటికొచ్చేసరికి పోలమ్మ గుమ్మంలో కూలబడి ఉంది, వేళ్ళన్నీ పగిలి రక్తం ఓడుతున్నాయి. నేను లోపలికెళ్ళి అన్నయ్య ఇచ్చిన మందు డబ్బా తెచ్చాను. దాని పక్కన కూర్చుని ఒక్కో వేలికీ మెల్లగా రాశాను. ఇంకా సగం ఉంది, ఉంచుకో, రేపు కూడా కావాలి కదా అని డబ్బా దాని చేతిలో పెట్టాను.